వెన్న చెప్పిన సాక్ష్యం

ఆ బస్సు డిపో గేటు దగ్గర ప్రతి ఉదయమూ ఒక కొలువు తీరేది. సింహాసనం ఒక ప్లాస్టిక్ స్టూలు. దాని మీద వేంచేసి ఉండేది అరచేతిలో ఇమిడే ఒక నల్ల పెట్టె. పెట్టెకి ఒక గొట్టం, నెత్తిన రెండు దీపాలు. డ్యూటీకి వచ్చిన డ్రైవరు ఎంతటి సీనియరైనా సరే, దాని ముందు వంగి, గొట్టాన్ని నోట పెట్టుకుని, తన ఊపిరిలో కొంత సమర్పించుకోవాలి. పచ్చ దీపం వెలిగితే బస్సు తాళాలు చేతికొస్తాయి. ఎర్ర దీపం వెలిగితే ఆ మనిషి తాగి వచ్చాడని అర్థం. పెట్టెకి కోపం రాదు, జాలి రాదు, ఆవలింత కూడా రాదు. అందుచేత దాని న్యాయం మీద డిపో మేనేజరుకి అపారమైన గురి. గేటు గోడ మీద ఆయన ఎర్ర రంగుతో రాయించిన శాసనం ఇలా ఉండేది: "మిషను మాటే ఆఖరి మాట. రెండోసారి ఊదనివ్వము. సాకులు వినము."

శాసనకర్త విగ్రహాన్ని గురించి కూడా కొంత చెప్పుకోవాలి. ఆయనది ఉన్నతమైన పదవి, అంతకన్నా ఉన్నతమైన పొట్ట. ఆ పొట్టని పరిపాలించే బెల్టుకి తయారుచేసినవాళ్ళు వేసిన చిల్లులన్నీ ఎప్పుడో అయిపోగా, ఆయనే మేకుతో కొత్తవి పొడుచుకుంటూ తోలు చివరిదాకా రాజ్యాన్ని విస్తరించాడు. డ్రైవర్లు ఆయన్ని ఎదురుగా "సార్" అనీ, వెనక "బెల్టు దొర" అనీ పిలిచేవారు. జన్మలో మందు చుక్క ముట్టి ఎరగడాయన. ఉన్న ఆ ఒక్క సుగుణాన్నీ కిరీటంలా నెత్తిన పెట్టుకు తిరిగేవాడు.

గేటుకి ఎదురుగా, టైర్లు పేర్చిన షెడ్డు పక్కన, డిపో క్యాంటీను. దాన్ని నడిపే ఆవిడ అందరికీ అక్క. నెరిసినవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. ఆకలి మీదున్న మనిషి వయసులు చూడడు గదా. ఆమెకి మాత్రం నిజంగా అక్కా అని పిలిచే హక్కున్నవాడు ఒక్కడే: తల్లి పోయాక తన చేత్తో ముద్దలు పెట్టి పెంచిన తమ్ముడు. అదే డిపోలో డ్రైవరు. ఆ తమ్ముడే ఇప్పుడు బస్సు ఎక్కడం లేదు. కూరగాయల మార్కెట్లో లారీల నుంచి బస్తాలు దించుతున్నాడు. ఆ కథ ఇది.

డ్రైవర్లకి జరిపే ఆరోగ్య పరీక్షలో డాక్టరు వాడి బొజ్జ మీద తట్టి, "స్టీరింగుకీ నీకూ మధ్య గాలి ఆడటంలేదు" అన్నాడు. రొట్టె, బంగాళదుంప, చక్కెర మానెయ్యమన్నాడు. గుడ్లు, చేపలు, మాంసం, వెన్న, ఆకుకూరలు కడుపునిండా తినమన్నాడు. అక్క ఆ మాటని ఆజ్ఞగా శిరసావహించింది. ఉదయం వెన్నలో వేయించిన గుడ్లూ పుట్టగొడుగులూ. మధ్యాహ్నం కొవ్వు తీయని మాంసం, దాని పక్కన బంగాళదుంప ముద్దకి మారుగా మీగడ పోసి మెదిపిన కాలీఫ్లవరు. సాయంత్రం తోలుతో సహా వెన్నలో కాల్చిన చేప, పాలకూర. తమ్ముడు మొదట్లో రొట్టె కోసం చంటిపిల్లాడిలా మారాం చేశాడు గానీ, తరవాత చెంపలు లోపలికి వెళ్ళి, చొక్కా వదులై, పెళ్ళినాటి మొహంలోకి తిరిగొచ్చాడు. అక్క దిష్టి తగులుతుందేమోనని పైకి మెచ్చుకోకుండా ఊరుకుంది.

దిష్టి కన్నా ముందు పెట్టె తగిలింది. ఒక ఉదయం తమ్ముడు ఊదాడు. ఎర్ర దీపం.

"నేను తాగను సార్. మళ్ళీ ఊదుతాను. లేదంటే రక్తం తీసి చూడండి," అన్నాడు వాడు.

బెల్టు దొర గోడ మీది శాసనం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "చదువొచ్చా? చదువు." తరవాత, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా, క్యాంటీను వైపు తిరిగి, "మీ అక్క టీ గ్లాసుల్లో ఇంకేమన్నా కలిపి పోస్తోందేంట్రా?" అన్నాడు.

కొందరు నవ్వారు. ఆ నవ్వు అప్పుడు గిన్నెలో మరుగుతున్న పాలలో పడింది, పొయ్యిలో పడింది, అక్క గుండెలో పడింది. మిగతా చోట్ల ఆరిపోయింది గానీ గుండెలో ఆరలేదు.

తమ్ముడి ఉద్యోగం ఊడింది. అక్క వాణ్ణి వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. డాక్టరు అంతా విని తల గోక్కున్నాడు. "పిండిపదార్థం అందనప్పుడు ఒళ్ళు కొవ్వుని కాల్చుకుంటుందమ్మా. ఆ కాలినదాంట్లో కొంత ఊపిరిలోంచి బయటికొస్తుంది. మాగిపోయిన పండు వాసన వస్తుంది చూశావూ, అదే. చవకరకం మిషన్లు దాన్ని మందనుకుంటాయి. పరగడుపున మరీను."

ఆ వాసన అక్కకి తెలుసు. వడ్డించేటప్పుడు తమ్ముడి నోట ఎన్నిసార్లో పట్టింది. పండు తిన్నాడేమో అనుకుంది. అంటే తను ప్రేమగా వండి పెట్టిన వెన్నే తమ్ముణ్ణి తాగుబోతుని చేసిందన్నమాట.

ఆమె మేనేజరు గదికి వెళ్ళి మొత్తం చెప్పింది. ఏమేం వండిందో, తమ్ముడు ఎలా చిక్కాడో, డాక్టరు ఏమన్నాడో, అన్నీ వరసగా. బెల్టు దొర చెవుల్లో ఒక వింత సదుపాయం ఉండేది: తనకి పనికొచ్చే మాట లోపలికి పోయేది, పనికిరానిది గుమ్మం దగ్గరే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేది. ఆయన సాంతం విని, "గుడ్లు తిని మత్తెక్కిన మగాణ్ణి ఇదే చూడ్డం," అని నవ్వి, ఫైలు మూశాడు. అంతటితో ఊరుకోలేదు. ఆమె గుమ్మం దాటబోతుండగా వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు:

"అవునుగానీ... నిజంగా అంత తొందరగా చిక్కాడా?"

అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. నమస్కారం పెడదామని ఎత్తిన చేతుల్ని అలాగే ఉంచింది. ఆ నిమిషంలో ఆమె బుర్రలో పుట్టిన ఆలోచన ఎంత పెద్దదంటే, దాన్ని మొహం మీదికి రాకుండా ఆపడానికి పళ్ళు బిగించాల్సి వచ్చింది.

"చిక్కాడు సార్," అంది మెత్తగా. "మీకూ చేసి పెట్టనా?"

భద్రతా వారోత్సవాలు దగ్గరపడుతున్నాయి. పెద్దాఫీసు నుంచి ప్రాంతీయాధికారి వస్తుంది, ఫోటోలు తీస్తారు, ఆ ఫోటో పత్రికలో పడుతుంది. బెల్టు దొరకి పదోన్నతి మీద ఆశ ఉంది. పొట్ట లేని ఫోటో మీద అంతకు మించిన ఆశ ఉంది. ఒప్పుకున్నాడు.

అక్క ప్రతిజ్ఞ చేయలేదు, జుట్టు విరబోసుకోలేదు. ముడి గట్టిగా బిగించుకుని మార్కెట్‌కి పోయి వెన్న కొంది. తమ్ముడికి ఏ వంటలు ఏ వరసలో పెట్టిందో, అవే వంటలు, అదే వరసలో, అదే మూకుడులో. వెన్నలో గుడ్లతో మొదలు.

పగ పట్టడం తేలికని అనుకునేవారు ఎప్పుడూ పగవాడికి వండిపెట్టి ఉండరు. మూడు పూటలకే బెల్టు దొరకి తలనొప్పి పట్టుకుంది. కాళ్ళు పీక్కుపోయాయి, టేబులు మీది కాగితాలు కూడా ఆయన్ని వెక్కిరించాయి. "నా వల్ల కాదు. నాకు రొట్టె తెచ్చి పడెయ్," అన్నాడు కుర్చీలో వాలిపోయి. అక్క గుండె గుభేలుమంది. కన్నతల్లి కూడా అంత కంగారుపడదు. ఎముకల రసంలో ఉప్పు దండిగా వేసి కప్పుతో తెచ్చి దగ్గరుండి తాగించింది. "కొంచెం ఓపిక పట్టండి సార్. ఒళ్ళు అలవాటు పడాలి. మా వాడికీ ఇంతే." ఎన్నేళ్ళుగానో ఆ మనిషికి ఎవరూ అలా కప్పు పట్టుకుని తాగించలేదేమో, కళ్ళు చెమర్చినంత పనైంది.

తరవాత మరొక విఘ్నం. రోజులు గడుస్తున్నాయి, బెల్టు కదలటంలేదు, నోట పండు వాసన రావటంలేదు. వడ్డించే నెపంతో ఆమె ఎంత దగ్గరికి వంగినా తగిలేది సబ్బు వాసనా, అధికారమూ. ఒక మధ్యాహ్నం ఆయన మీసంలో జాము మెరిసింది. టేబులు సొరుగులో తీపి బన్నులున్నాయి. అక్క సొరుగు జోలికి పోలేదు. దొంగని పట్టుకుంటే దొంగ అలుగుతాడు. ఆమె చీజుని పెనం మీద పల్చగా పరిచి కరకరలాడేదాకా కాల్చింది. బాదం పొడీ గుడ్లూ మీగడా కలిపి చక్కెర లేని చిన్న కేకులు చేసింది. చికెన్ తోలుని నూనె కక్కేదాకా వేయించి ఉప్పు జల్లింది. ఆ పళ్ళెం ముందు బన్ను తేలిపోయింది. సొరుగులోని బన్నులు ఎండి, గట్టిపడి, చివరికి కాగితాల మీద బరువుగా పనికొచ్చాయి.

తమ్ముడికి వండినప్పుడు ఇంత శ్రద్ధ పెట్టిందా అని ఆమె ఒకసారి తనని తాను ప్రశ్నించుకుని, జవాబు నచ్చక, గిన్నె తోముకుంది.

డిపో ఊరుకుంటుందా. గ్యారేజీ మెకానిక్కు, తమ్ముడికి ప్రాణస్నేహితుడు, టీ గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టి అడిగేశాడు. "ఏంటక్కా, నీ తమ్ముడి కడుపు కొట్టినోడికి వెన్న ముద్దలా? తినిపించడం కూడా మొదలెట్టావంటగా?"

"తింటాడని పెడుతున్నాను. నువ్వూ తిను, వద్దన్నానా?"

"నాకొద్దులే. నాకింకా సిగ్గుంది."

ఆ సాయంత్రమే ఆ మాట మార్కెట్ దాకా నడిచి వెళ్ళింది. మర్నాడు అన్నం వేళకి తమ్ముడు రాలేదు. ఆ తరవాత కూడా రాలేదు. ఆమే గిన్నె సర్ది బస్తాల దగ్గరికి పోయింది. వాడు చొక్కా లేకుండా, భుజం మీద గోనెపట్టా వేసుకుని నిలబడ్డాడు.

"ఎవరికి వండావో వాళ్ళకే పెట్టుకో."

"తినరా. నీతో పని ఉంది."

"నాతో ఏం పనక్కా? నేను తాగుబోతుని గదా. అందరూ నవ్విన రోజు నువ్వూ అక్కడే ఉన్నావు. ఇప్పుడు ఆయన ప్లేటు దగ్గర ఉన్నావు." వాడి గొంతులో కోపం కూడా లేదు, అదే ఆమెకి భరించడం కష్టమైంది. "మంచిదేలే. నీ క్యాంటీనన్నా నిలబడాలి."

చెప్పేస్తే పోయేది. కానీ వాడి కడుపులో మాట నిలవదు. చిన్నప్పుడు జామకాయ దొంగిలించినా, తోట యజమానికి వాడే వెళ్ళి చెప్పి వచ్చేవాడు. ఇప్పుడూ మేనేజరు గదికే వెళ్ళి, "సార్, మా అక్క చేసేది తినకండి," అనగల మంచివాడు. అక్క గిన్నె బస్తా మీద పెట్టి వెనుదిరిగింది. ఆయన ఊదినప్పుడు కూడా ఎర్ర దీపం వెలగకపోతే తనకి తమ్ముడు లేనట్టే అని దారిలో ఆమెకి అర్థమైంది.

రెండు రోజుల తరవాత, మెదిపిన కాలీఫ్లవరు వడ్డిస్తూ వంగినప్పుడు, వచ్చింది. మాగి, తొక్క నల్లబడి, ఈగల్ని పిలుస్తున్న పండు వాసన. అక్క కళ్ళు మూసుకుని దాన్ని లోపలికి పీల్చింది. ప్రపంచంలో ఏ ప్రేయసీ ఏ ప్రియుడి ఊపిరి కోసమూ అంత ఆత్రంగా ఎదురుచూసి ఉండదు.

"ఏంటమ్మా, ఆగిపోయావు?"

"ఏం లేదు సార్. బెల్టు వదులైంది మీకు."

బెల్టు దొర మొహం వెలిగింది. చిల్లులు వెనక్కి నడుస్తున్నాయి. ఆయన అద్దంలో పక్కకి తిరిగి చూసుకోవడం, మెట్లెక్కి ఆయాసపడనందుకు నలుగురివైపూ చూడడం మొదలెట్టాడు. అక్క ఆ అదనుకే కాచుకుని ఉంది.

"ఉత్సవాల రోజు ఫోటో ఎక్కడ తీయిస్తున్నారు సార్?"

"మీటింగు హాల్లో."

"హాల్లో ఎవరైనా కూర్చుంటారు. కూర్చుంటే నడుం కనపడదు కూడాను. గేటు దగ్గర నిలబడి, డ్రైవర్లందరికన్నా ముందు మీరే మిషనులో ఊదితే? మేనేజరే ఊదాడు అంటే మేడమ్‌గారు జన్మలో మర్చిపోరు. మీరెలాగూ చుక్క ముట్టరు."

ఆయన ఆ మాటని నములుతూ కూర్చున్నాడు. సాయంత్రానికి అది ఆయన సొంత ఆలోచన అయిపోయింది. మర్నాడు దాన్ని ఆమెకే కొత్తగా వినిపించాడు. అక్క ఆశ్చర్యపోయింది. అంత బాగా ఆశ్చర్యపోవడం ఆమె అంతకుముందెన్నడూ చేసి ఉండలేదు.

"ఆ పొద్దున ఏమీ తినకండి సార్. ముందురోజు చేప మాత్రం కడుపునిండా తినండి. ఖాళీ కడుపుతో ఫోటో బావుంటుంది."

ఉత్సవాల రోజు గేటుకి రంగు కాగితాలు కట్టారు. ప్రాంతీయాధికారి వచ్చింది: సన్నటి మనిషి, తక్కువ మాటలు, అవి కూడా ప్రశ్నలే. డ్రైవర్లు ఇస్త్రీ బట్టల్లో వరస కట్టారు. అక్క టీ పళ్ళెం పట్టుకుని పక్కన నిలుచుంది. మెకానిక్కు ద్వారా మార్కెట్‌కి కబురు కూడా పంపింది: "మీ అక్క చచ్చేలా ఉందని చెప్పు, ఎలాగైనా తీసుకురా." తమ్ముడు ఒగర్చుకుంటూ వచ్చి, బతికే ఉన్న అక్కని చూసి మొహం తిప్పుకుని, గోడ పక్కన నిలబడ్డాడు.

బెల్టు దొర ముందుకొచ్చాడు. చొక్కా లోపలికి దోపి, కంపెనీవారు వేసిన చిల్లుకే బెల్టు పెట్టుకుని, ప్రసంగించాడు. "న్యాయం పైనుంచి మొదలవ్వాలి. ఈ డిపోలో మిషనుకి పెద్దా చిన్నా లేదు." పెట్టెకి కాపలా ఉండే గేటు బాబాయి గొట్టం అందించాడు. ఆయన కెమెరా వైపు పక్కకి తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని, గంభీరంగా ఊదాడు.

ఎర్ర దీపం వెలిగింది. పెట్టె కూత కూడా వేసింది.

"గొట్టం పాతది," అన్నాడు బెల్టు దొర. గేటు బాబాయి గొట్టం మార్చాడు. మళ్ళీ ఎరుపు. "మిషను పాడైంది." గేటు బాబాయి తను ఊదాడు, పచ్చ. మెకానిక్కుని ఊదమన్నారు, పచ్చ. అందుకు వాడే కొంచెం ఆశ్చర్యపోయాడు. ప్రాంతీయాధికారి తనే గొట్టం తీసుకుని ఊదింది, పచ్చ. మళ్ళీ బెల్టు దొర ఊదాడు. ఈసారి దీపం ముందే సిద్ధంగా ఉన్నట్టు వెలిగింది.

అధికారి గోడ వైపు చూసి, నెమ్మదిగా పైకి చదివింది. "మిషను మాటే ఆఖరి మాట. రెండోసారి ఊదనివ్వము. సాకులు వినము." తరవాత అడిగింది, "ఇది ఎవరు రాయించారు?"

బెల్టు దొర నుదుట చెమట పట్టింది. "మేడమ్, నేను తాగను. పుట్టాక తాగలేదు. నేను తినేవి గుడ్లూ వెన్నా... అడగండి, ఆవిడే వండుతుంది. ఏమ్మా, చెప్పు."

అక్క టీ పళ్ళెం కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. ఈ నిమిషం కోసం ఎన్ని గుడ్లు పగిలాయో.

"చెప్తాను సార్. కానీ నా దగ్గరున్నది ఒకటే సాక్ష్యం, అది ఇద్దరికీ సరిపోవాలి."

"ఎవరిద్దరు?" అంది అధికారి.

"ఈయనకీ, ఆ గోడ పక్కన నిలబడ్డ మా తమ్ముడికీ. ఇద్దరికీ వండింది నేనే మేడమ్. అవే గుడ్లు, అదే వెన్న, అదే చేప. రొట్టె ముక్క తగలనివ్వలేదు. ఒళ్ళు కొవ్వు కాల్చుకుంటే నోట ఇలాంటి ఊపిరి వస్తుందని డాక్టరు చెప్పాడు. నేను ఈయన గదిలోకే వెళ్ళి చెప్పాను. గుడ్లు తిని మత్తెక్కిన మగాణ్ణి ఇదే చూడ్డం అన్నారు." ఆమె బెల్టు దొర వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పండి సార్. మా వాడు ఆ రోజు తాగాడా? తాగితే మీరూ తాగారు. మీరు తాగకపోతే వాడూ తాగలేదు. మీరెలా అంటే నేను అలాగే సాక్ష్యం చెప్తాను."

గాలికి రంగు కాగితాలు కొట్టుకున్నాయి. బెల్టు దొర గోడ పక్కనున్న మనిషిని చూశాడు, పెట్టెని చూశాడు, అధికారిని చూశాడు.

"తాగలేదు," అన్నాడు.

"వినపడలేదు సార్. ఆ రోజు అందరికీ వినపడేలా అన్నారు."

"తాగలేదు. అతను తాగలేదు."

ఆ రోజే బెల్టు దొర రక్తం తీసి పరీక్షకి పంపారు. చుక్క మందు కూడా లేదని తేలింది. దానితో పెట్టె సింహాసనం దిగింది. ఎర్ర దీపం వెలిగితే ఇక రక్తపరీక్ష చేయాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. గేటు బాబాయి గోడకి సున్నం కొట్టాడు. తమ్ముడు మళ్ళీ బస్సెక్కాడు. మొదటి రోజు డ్యూటీ దిగి తిన్నగా క్యాంటీనుకి వచ్చి, బల్ల దగ్గర తలవంచుకు కూర్చున్నాడు.

"నాతో ఒక్క మాటన్నా చెప్పొద్దా?"

"చెప్తే నువ్వెళ్ళి ఆయనకి చెప్పేవాడివి."

వాడు ఆలోచించి, నిజమేనన్నట్టు తలూపాడు. "ఆయన ఉద్యోగం పోయుంటే?"

"పోయేది," అంది అక్క, పళ్ళెం ముందుకు తోస్తూ. "తిను."

అక్కడితో ఆమె పగ చల్లారవలసింది. చల్లారనివ్వనిది బెల్టు దొరే. మర్నాడు మధ్యాహ్నం ఆయన క్యాంటీనుకి స్వయంగా వచ్చాడు, సన్నగా, నున్నగా, ఇరవయ్యేళ్ళు వెనక్కి నడిచినవాడిలా. అందరి ముందూ చేతులు జోడించాడు. "నువ్వు సాక్ష్యం చెప్పకపోతే నా పరువు గంగలో కలిసేదమ్మా. ఒంటికి ఒళ్ళు ఇచ్చావు, నెత్తికి నీడ ఇచ్చావు. నా తోబుట్టువైనా ఇంత చెయ్యదు." ఆ చెవుల సదుపాయం ఇంకా పనిచేస్తూనే ఉంది: ఆమె కాపాడిందన్న మాట లోపలికి పోయింది, ఎవరి నుంచి కాపాడవలసి వచ్చిందన్న మాట చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

దెబ్బ తిన్నవాడు దెబ్బని దీవెన అనుకుని కళ్ళకద్దుకుంటున్నాడు. పైగా ఆయనకి అందం వచ్చింది. అది తను ఇచ్చిందే. మెకానిక్కు టీ గ్లాసు వెనక దాక్కుని నవ్వుకుంటున్నాడు.

"ఇవాళేమిటమ్మా? చేపేనా?" అన్నాడు బెల్టు దొర, కుర్చీ లాక్కుని.

అక్క ఆయన నడుం వైపు చూసింది. బెల్టు కంపెనీవారి చిల్లులో, సుఖంగా, గర్వంగా ఉంది. తరవాత పొయ్యి వైపు చూసింది. పక్క అరలో, డ్రైవర్ల కోసం, పొద్దున కాల్చిన బన్నులు వేడి తగ్గుతూ ఉన్నాయి.

"చేప ఇంకెందుకు సార్? ఫోటో అయిపోయిందిగా," అంది, తేనె కన్నా మెత్తగా. "మీ ఒళ్ళు ఇప్పుడు మీ మాట వింటుంది. కొంచెం తీపి తిన్నా ఏం కాదు."

బన్నుని మధ్యకి కోసి, జాము మందంగా రాసి, పైన చక్కెర జల్లి, పక్కన నూనెలో ఎర్రగా వేగిన బంగాళదుంపలు పెట్టి ఆయన ముందుంచింది. బెల్టు దొర ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ పరిమళం ఆయనకి పాత స్నేహితుడిలా ఎదురొచ్చింది.

"నీ చేతి మీద నాకు నమ్మకమమ్మా," అని కొరికాడు.

"ఇంకొకటి పెట్టనా సార్?" అంది అక్క, అరలోంచి మరో బన్ను అందుకుంటూ.